కొల్లేటికోటకి నీళ్ళదారి

మాది చింతలపూడి పక్క మెట్ట ఊరు. మా వైపు నీళ్ళంటే బోరు నీళ్ళు. పామాయిల్ తోటలో గొట్టంలోంచి పడేవి, మామిడి పాదుల్లో చీలమండ దాకా నిలిచేవి. అంతకు మించిన లోతు నాకు తెలిసింది ఒక్కసారే. తొమ్మిదో ఏట మా పొలం నూతిలో జారిపడితే తాడు వేసి పైకి లాగారు. ఆ తర్వాత గోదావరి పుష్కరాలకి వెళ్ళినా మెట్టు మీద కూర్చుని చెంబుతోనే స్నానం చేశాను. అలాంటివాణ్ణి తీసుకొచ్చి కొల్లేటి ఇంటికి అల్లుణ్ణి చేశారు.

అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. మా ఆవిడ వాళ్ళది ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే లంక ఊరు. మామగారికి ఇద్దరూ కూతుళ్ళే. మా ఆవిడ చిన్నది. పెద్దమ్మాయి భర్త, అంటే మా తోడల్లుడు, ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తారు. ఇంట్లో అందరికంటే పెద్దావిడ మామగారి తల్లి. మా ఆవిడ ఆమెని నాయనమ్మ అంటుంది కాబట్టి నేనూ నాయనమ్మగారూ అనే పిలిచేవాణ్ణి.

మా సంబంధం ఖాయమయ్యాక, పెళ్ళికి ఇంకా కొన్నాళ్ళుందనగా, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు మళ్ళీ సరస్సులా ఉండాలని ప్రభుత్వం చేసిన పని అది. మట్టి తవ్వే యంత్రాలు వచ్చి వరసగా గండ్లు పెట్టుకుంటూ పోయాయి. మామగారి చెరువులూ పోయాయి. ఆయన మా ఊరొచ్చి మా నాన్న ముందు కూర్చుని, “చెరువులు పోయినయ్యండి. మీరు ఇంకో ఆలోచన చేసినా మేం తప్పు పట్టమండి” అన్నారు. మా నాన్న ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, “మేం అమ్మాయిని చూసి వచ్చామండి. చెరువులెక్కడున్నాయో కూడా నాకు తెలీదు” అన్నారు. శ్రావణమాసంలో పెళ్ళయిపోయింది.

పెళ్ళి అయింది గానీ మామగారు మనిషి మారిపోయారు. మా ఆవిడ చెప్పేది, ఒకప్పుడు ఆయన గట్టు మీద నిలబడి పిలిస్తే మూడో చెరువు అవతల వలలు లాగేవాళ్ళకి వినబడేదట. నేను చూసిన మామగారు వీధి అరుగు మీద సరస్సుకి వీపు పెట్టి కూర్చునేవారు. మూడు మాటలు అడిగితే ఒక దానికి తలూపేవారు. అన్నం పెడితే తినేవారు. అంతే.

ఆ కార్తీకమాసంలో మమ్మల్ని భోజనానికి పిలిచారు. తోడల్లుడుగారూ, వదినగారూ కూడా ఏలూరు నుంచి వచ్చారు. నేను పెరటి వసారాలో కూర్చుని గారె తింటున్నాను. నాయనమ్మగారు స్తంభానికి ఆనుకుని సరస్సు వైపు చూస్తున్నారు. ఇదివరకు అక్కణ్ణించి చూస్తే ఒకదాని వెనక ఒకటి గట్లే కనబడేవట. ఇప్పుడు చూపు ఆనినంత దూరం నీళ్ళు, వాటి మీద తెల్లగా కొంగలు.

“నీళ్ళదారి తెరుచుకుంది,” అన్నారు నాయనమ్మగారు.

ఆవిడ మా వైపు తిరిగారు.

“ఇన్నేళ్ళూ గట్లు అడ్డమని జీపుల్లో ఎళ్ళాం. ఈసారి జాతరకి అమ్మ దగ్గరికి పడవ మీదే ఎళ్ళాలి. కొత్తల్లుడు గెడేస్తాడు.”

గారె నా గొంతులో ఆగింది. మా అత్తగారు నా మొహం చూసి గబగబా మంచినీళ్ళు అందించారు. “అత్తయ్యగారూ, ఆయన మెట్టవారండి. పడవే ఎక్కి ఉండరు. మీ అబ్బాయే నడుపుతారులెండి,” అని మామగారి వైపు తిరిగారు. “ఏవండీ, మీరు నడపొచ్చు కదా?”

“నేను గెడ పట్టను,” అన్నారు మామగారు. ఆ రోజు మొత్తానికి ఆయన నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. లేచి వీధి అరుగు మీదకి వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మా ఆవిడ ఆ పద్ధతంతా చెప్పింది. కొల్లేటికోటలో ఇప్పుడు కోట లేదు. ఎప్పుడో రాజులు సరస్సు నడుమ కోట కట్టుకుని ఏలారని, శత్రువుల సైన్యం నీళ్ళు దాటలేక బురదలో దిగబడిపోయిందని నాయనమ్మగారు నిన్న మొన్న జరిగినట్టు చెబుతారు. రాజులు పోయినా అమ్మవారు పెద్దింట్లమ్మ మిగిలింది. ఏటా ఫాల్గుణమాసంలో పది పన్నెండు రోజుల జాతర, జలదుర్గమ్మకీ గోకర్ణేశ్వరస్వామికీ కల్యాణం. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. నాయనమ్మగారి పుట్టింటి నుంచి వచ్చిన పద్ధతి ఏమిటంటే, ఆడపిల్లకి పెళ్ళయ్యాక వచ్చే మొదటి జాతరకి కొత్తల్లుడే పడవ నడుపుతూ ఇంటిల్లిపాదినీ అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలి. కోట రేవు చేరేదాకా అతని కాలు నీళ్ళలో దిగకూడదు. ఇంటి పెద్దావిడ పడవ ముందు కొసన, అల్లుడికి ఎదురుగా తిరిగి కూర్చుంటుంది. దారి పొడవునా ఆమె చూసేది సరస్సుని కాదు, అతని మొహాన్ని.

“మొహం ఎందుకు?”

“ఎందుకో నాయనమ్మ చెప్పదండి. ఆవిడ ఆఖరికి ఒక మాట అంటుంది. ఆ మాట అల్లుడికి జీవితాంతం ఉండిపోతుంది.”

నాయనమ్మగారి కూతురు, అంటే మా ఆవిడ మేనత్త, ఆమె భర్తకి ఆవిడ ఏమన్నారని అడిగాను. నవ్వి చెప్పలేదు.

“మీకిష్టం లేకపోతే వద్దండి,” అంది కాసేపటికి. “అక్కావాళ్ళూ జీపులోనే వెళ్ళారు. అప్పుడు గట్లున్నాయి కాబట్టి బావగారికి ఈ బెడద లేకుండా పోయింది. మనమూ జీపు మాట్లాడుకుందాం.”

అలా అని కిటికీలోంచి బయటికి చూస్తూ, అత్త పెళ్ళయిన ఏడు పడవ ప్రయాణం చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి తనకి ఆరేళ్ళు. నాన్న ఒళ్ళో కూర్చుని వెళ్ళిందట. పడవ ముక్కుకి పసుపు రాశారట, వేపమండలు కట్టారట. తన పెళ్ళయ్యాక తనూ అలాగే వెళ్ళాలని అనుకుందట. తర్వాత గట్లు లేచాయి, పడవని తిరగేసి కొట్టాంలో పడేశారు, ఆ సంగతి ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

బస్సు ఏలూరు చేరేసరికి నేను అడిగాను. “నీకొచ్చా గెడ వెయ్యడం?”

“నాకా?” అని నా వైపు ఇలా చూసింది. గుణకారం వచ్చా అని నన్ను ఎవరైనా అడిగితే నేను చూసే చూపు అది.

“అయితే నాకు నేర్పు.”

ఆ వారం నుంచి మా ఆదివారాలన్నీ కొల్లేటివే. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి ఏలూరు, అక్కణ్ణించి కైకలూరు బస్సు. మామగారి పెరడు దాటితే ఒక కాలవ ఉంది, నడుము లోతు. పక్కింటివాళ్ళ దోనె అడిగి తెచ్చాం. దోనె అంటే తాటిమానుని తొలిచి చేసింది. అందులో కూర్చోవడమే ఒక పరీక్ష. మనిషి గట్టిగా తుమ్మితే ఒక పక్కకి ఒరుగుతుంది.

మొదటి ఆదివారం నేను అందులో నిలబడనే లేదు. రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ చీరకొంగు నడుముకి దోపుకుని వెనక నిలబడి, గెడతో ఒక్క పోటు వేసింది. దోనె సర్రున కాలవ మధ్యకి పోయింది. నా కళ్ళు మూతలు పడ్డాయి.

“కళ్ళు తెరవండి. నీళ్ళు చూడకండి, ఆ ఎదురు ఒడ్డున కొబ్బరిచెట్టు చూడండి.”

“చూస్తున్నా.”

“ఏవండీ, ఆ వైపు కాదు. కొబ్బరిచెట్టు ఇటుంది.”

రెండో ఆదివారం లేచి నిలబడ్డాను. మూడో ఆదివారం గెడ నా చేతికి ఇచ్చింది. వెదురు గెడ, నాకు రెండింతల పొడుగు. నిలువుగా దింపాలి, అడుగు తగిలిందాకా ఆగాలి, అప్పుడు ఒంటి బరువంతా దాని మీద వేసి నెట్టాలి. వినడానికి ఇంతే. నేను గెడ దింపాను, బలం కొద్దీ నెట్టాను. గెడ బురదలో దిగిపోయింది. దోనె ముందుకి పోయింది. గెడని వదలాలా, దోనెని వదలాలా అని నేను ఆలోచించుకునేలోగా నా కాళ్ళ కింద దోనె లేదు. కాలవ మధ్య గెడకి ఉడతలా కరుచుకుని వేలాడాను. అది నెమ్మదిగా వంగి, నన్ను మెడ దాకా నీళ్ళలో దించింది.

మా ఆవిడ దోనెలో కూర్చుని నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. నేను ఒక్క క్షణం నూతిలో ఉన్నాను. మరుక్షణం కాళ్ళకి బురద తగిలింది. నిలబడితే నీళ్ళు నడుము దాకానే. అక్కడ అలా నిలబడి నేనూ నవ్వడం మొదలుపెట్టాను. ఆ నవ్వుతో నా భయం సగం పోయింది.

“బురదలో దిగిన గెడని లాగకూడదండీ,” అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. “మెలి తిప్పి తియ్యాలి. లాగేకొద్దీ బురద పట్టేస్తుంది. తిప్పితే వదిలేస్తుంది.”

సంక్రాంతి వెళ్ళి మాఘమాసం వచ్చేసరికి కాలవ ఈ కొస నుంచి ఆ కొసకి దోనెని వంకర టింకరగానైనా నడపగలిగాను. అరచేతుల్లో బొబ్బలు పగిలి, మానీ, గట్టిపడ్డాయి. మా ఆవిడ సామాన్యంగా మెత్తని మనిషి. గెడ విషయంలో మాత్రం మా కాలేజీ ప్రిన్సిపాలే నయం. “మళ్ళీ వెయ్యండి. అది పోటు కాదు, గోకడం,” అనేది. మామగారు అరుగు మీంచి ఎప్పుడైనా లేచి పెరట్లోకి వచ్చేవారు. మమ్మల్ని ఒక నిమిషం చూసి వెళ్ళిపోయేవారు.

జాతరకి రెండు వారాలుందనగా అత్తగారు కొట్టాం తెరిపించారు. పడవ మీద చేపల మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. అవి తీసి, పడవని వెలికిల తిప్పి, కడిగి, పగుళ్ళకి తారు పూయించారు. ఇది దోనె కాదు, పది మంది పట్టే చెక్కపడవ. నీళ్ళలోకి తోశాక దాని వెనక కొసన ఎక్కి నిలబడితే కదల్లేదు, మెదల్లేదు. ఎద్దు మీద ఎక్కినట్టుంది. ఆ మధ్యాహ్నం మా ఆవిడా నేనూ ఊరి రేవు నుంచి బయటికి వెళ్ళి వచ్చాం. అంత పెద్ద పడవ నా మాట వింది. ఇంటికొచ్చి నాలుగుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

జాతరకి వెళ్ళే ఆదివారం పొద్దున్నే అందరం తలంటు పోసుకున్నాం. ఆ వారమంతా ఇంట్లో చేప వండలేదు. అత్తగారు పడవ ముక్కుకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. వదినగారు వేపమండలు కట్టారు. ఇత్తడి పళ్ళెంలో అమ్మకి చీర, పసుపు కుంకుమ, గాజులు, చలిమిడి. ఊళ్ళో ఇంకో రెండు మూడు ఇళ్ళవాళ్ళు కూడా పాత పడవలు దింపారు. మా నాయనమ్మగారి మాట అప్పటికే ఊరంతా పాకింది మరి.

తోడల్లుడుగారు ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కారు. “మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలండీ,” అన్నారు నాతో. “పాలసీ ఏమైనా తీసుకున్నారా?”

నాయనమ్మగారు ముందు కొసన నాకు ఎదురుగా కూర్చున్నారు. వీపు వెనక సరస్సు, కళ్ళు నా మీద. అందరి కంటే ఆఖర్న మామగారు వచ్చారు. వస్తారని ఎవరూ అనుకోలేదు. తెల్ల చొక్కా వేసుకుని, పడవ మధ్యలో చెక్క మీద కూర్చుని తల దించుకున్నారు.

నేను కొల్లేటి నీళ్ళు చేత్తో తాకి కళ్ళకద్దుకుని గెడ దింపాను.

మొదటి అరగంట హాయిగా సాగింది. ఒక పోటు, ఒక జారు, మళ్ళీ పోటు. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలుతుంటే వాటి పక్కనుంచి తప్పించుకుంటూ పోయాను. గూడకొంగలు మమ్మల్ని చూసి లేచి, కొంచెం దూరంలో మళ్ళీ వాలాయి. మా ఆవిడ నా ముందు చెక్క మీద కూర్చుంది. నాకు మాత్రమే వినబడేలా “ఆ... ఆ... అలాగే” అంటోంది. వెనకనుంచి పక్కింటివాళ్ళ పడవ మమ్మల్ని దాటింది. అందులో కుర్రాళ్ళు, “మాస్టారూ, లెక్క తప్పకండి!” అని అరిచారు. నాయనమ్మగారు అటు చూడలేదు. రెప్ప వేస్తున్నారో లేదో కూడా నాకు తెలియలేదు.

తర్వాత పాత గట్ల మధ్యకి వచ్చాం. కొట్టేసిన గట్లు కొన్నిచోట్ల నీళ్ళ మీదకి దిబ్బల్లా కనబడుతున్నాయి, కొన్నిచోట్ల నీళ్ళ కిందే దాగి ఉన్నాయి. ముందున్న కుర్రాళ్ళ పడవ చిన్నది, చులాగ్గా ఒక గండిలోంచి దూరి వెళ్ళిపోయింది. నేనూ అటే తిప్పాను. సరిగ్గా అప్పుడే పక్కనుంచి గాలి లేచింది. పడవ అడ్డం తిరిగింది. నేను సరిచేయబోయేలోగా ముందు భాగం మెత్తగా దేనికో ఎక్కి ఆగిపోయింది.

నెట్టాను. కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాను. గెడ బురదలో జానెడు లోపలికి పోయింది గానీ పడవ అంగుళం జరగలేదు. గాలికి వెనక కొస ఊగుతోంది. వదినగారు అంచు పట్టుకుని “అమ్మా తల్లీ” అన్నారు. తోడల్లుడుగారు లేచి, “నేను దిగి తోస్తానుండండి. నేను పాత అల్లుణ్ణి, నాకు పట్టింపు లేదు,” అన్నారు. అత్తగారు ఆయన చొక్కా పట్టుకుని ఆపారు. “దిగకండి బాబూ, తొడ దాకా కూరుకుపోతారు. ఇక్కడ అంతా ఊబి.”

చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మా ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. చెయ్యి మెల్లగా తిప్పింది. గెడ తిప్పమని. తిప్పాను. బురద గెడని వదిలేసింది. దానితో ఊపిరి కూడా వచ్చింది, ఆలోచనా వచ్చింది. ముందు భాగం గట్టు మీద ఉంది, వెనక భాగం నీళ్ళలో ఉంది. బరువు వెనక్కి వస్తే ముందు లేస్తుంది. తక్కెడ లాంటిదే. రోజూ పిల్లలకి బోర్డు మీద గీసేది.

“అందరూ వెనక్కి రండి,” అన్నాను. “నా దగ్గరికి. మెల్లిగా, ఒక్కొక్కరు.”

వదినగారు వచ్చారు. తోడల్లుడుగారు, అత్తగారు వచ్చారు. “నేను లేవను,” అన్నారు నాయనమ్మగారు. “నా చోటు ఇదే.” ఆవిడ బరువు ఎంతని, పిట్టంత మనిషి. మామగారు మాత్రం తల దించుకుని అలాగే కూర్చుని ఉన్నారు. అప్పటివరకూ ఆయనకి నేను ఏదీ చెప్పి ఎరగను.

“మామయ్యగారూ, మీరూ రావాలండి. మీరు రాకపోతే లేవదు.”

ఆయన తలెత్తారు. నన్ను చూశారు. తర్వాత చుట్టూ చూశారు, పొద్దుట్నించి మొదటిసారి. లేచి, పడవ అదరకుండా రెండడుగుల్లో నా పక్కకి వచ్చి నిలబడ్డారు. నేను గెడ ముందుకి వేసి వెనక్కి నెట్టాను. ఒకసారి. రెండోసారి బురద జిగురుగా చప్పుడు చేసింది. మూడోసారికి పడవ గట్టు దిగి వెనక్కి జారింది.

నేను మళ్ళీ అదే గండి వైపు తిప్పబోతుంటే నా మోచెయ్యి మీద చెయ్యి పడింది.

“అటు కాదండీ అల్లుడుగారూ,” అన్నారు మామగారు. గొంతు బొంగురుగా ఉంది. “అది నడిగట్టు. పైన నరికారు గానీ కింద మొదలు అలాగే ఉంటుంది. ఎడమకి రండి. ఆ తుమ్మమోడు కనబడుతోందా? దాని పక్కనే తూము ఉండేది. తూము ముందర లోతు. నేనే తవ్వించాను.”

అప్పుడు తెలిసింది మాకు, మేమున్నది ఆయన చెరువులో అని.

ఎడమకి తిప్పాను. “ఇంకొంచెం. ఇప్పుడు దింపండి గెడ. ఊఁ. ఇప్పుడు వెయ్యండి పోటు.” ఆయన చెప్పినచోట గెడ దింపితే మూరెడు ఎక్కువ లోతు తగిలింది. పడవ తుమ్మమోడు పక్కగా నున్నగా దూరి అవతలికి పోయింది. “కుడిపక్క మేత వేసే దిబ్బ ఉంటుంది, దూరంగా పోనివ్వండి. ఇదిగో ఇక్కడ కాపలా పాక ఉండేది. ఇక్కణ్ణించి కోట రేవు దాకా అడ్డమేం లేదు, తిన్నగా వెళ్ళిపోవచ్చు.” ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మా ఆవిడ ముందుకి తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో నాకు కనబడలేదు. గాలి అలాగే ఉంది గానీ ఇప్పుడు ఆ గాలికి ఎంత పక్కకి కొట్టి వెయ్యాలో ఆయన చెబుతున్నారు, నేను వేస్తున్నాను. ముందు వెళ్ళిన కుర్రాళ్ళు ఏ గట్టు దగ్గర ఆగారో గానీ, వాళ్ళ పడవని మేం దాటేశాం. “మాస్టారూ!” అని వాళ్ళు అరిస్తే ఈసారి మామగారు జవాబు చెప్పారు. ఆ కేక నిజంగానే మూడు చెరువుల దూరం వినబడే కేక.

కోట రేవులో డప్పులు మోగుతున్నాయి. రంగు కాగితాలు కట్టిన పడవలు, తలనీలాలు ఇచ్చినవాళ్ళు, పొంగలి పొగలు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. పడవ ముక్కు రేవు మెట్టుకి ఆనింది. నేను పొడి కాలితో మెట్టు మీద అడుగుపెట్టాను. అత్తగారు దిగి కొత్త తువ్వాలు విప్పి నా తలకి చుట్టారు. రేవులో ఎవరో ముసలాయన, “ఎవరి అల్లుడండీ?” అని అడిగాడు. “నా అల్లుడు!” అన్నారు మామగారు. అవసరానికి మించి గట్టిగానే అన్నారు. నాలుగైదు పడవల వాళ్ళు తిరిగి చూశారు.

నేను నాయనమ్మగారిని చెయ్యి పట్టుకుని దింపాను. అందరూ ఆవిడ చుట్టూ మూగారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

“గట్టు మీద ఎక్కినప్పుడు మొహం పాలిపోయింది,” అన్నారు.

నేను తల వంచుకున్నాను.

“మా ఆయనకీ అక్కడే పాలిపోయింది. అప్పుడు గట్టు లేదు, ఒట్టి గాలే. మా అమ్మమ్మ ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, నాకు చెప్పింది. అరవై ఏళ్ళు కాపరం చేశాం బాబూ. పాలిపోతే పోయింది, గెడ వదల్లేదుగా.” ఆవిడ నా గడ్డం పట్టుకుని ఊపారు. “ఆయనంత వాడివే.”

నాకు జీవితాంతం మిగిలిన మాట అది.

గుడిలో జనం తోపులాటలో మేం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళాం. పెద్దింట్లమ్మవి వెడల్పాటి కళ్ళు. ఎక్కడ నిలబడినా మనల్నే చూస్తున్నట్టుంటాయి. అత్తగారు చీర ఇచ్చారు. మా ఆవిడ పసుపు కుంకుమ ఇచ్చింది. నేను దణ్ణం పెడితే మళ్ళీ బొబ్బలెక్కిన అరచేతులు మండాయి. ఏం కోరుకోవాలో తోచలేదు. కోరుకోవలసినవి దారిలోనే అయిపోయినట్టనిపించింది. పక్కన మామగారు కళ్ళు మూసుకోలేదు. అమ్మ కళ్ళలోకి సూటిగా చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

బయటికొచ్చి రేవు పక్కన మూడు రాళ్ళు పెట్టి పొంగలి వండుకున్నాం. ఆకుల్లో వడ్డించుకుని తిన్నాం. నాకు అన్నం వేళ్ళతో కలుపుకోవడం కష్టమైతే మా ఆవిడ కలిపి ముద్దలు చేసి పెట్టింది. అత్తగారు చూడనట్టు అటు తిరిగారు.

తిరిగి బయల్దేరేటప్పుడు నేను గెడ కోసం చెయ్యి చాపితే అది అక్కడ లేదు. మామగారు అప్పటికే వెనక కొసన నిలబడి ఉన్నారు, పంచె ఎగ్గట్టి, గెడ నిలువుగా పట్టుకుని. “మీరు కూర్చోండి అల్లుడుగారూ,” అన్నారు. ఆయన వేసిన మొదటి పోటుకే తెలిసింది, నేను పొద్దుట్నించి చేసింది ఏమిటో, గెడ వెయ్యడం అంటే ఏమిటో. పడవ నీళ్ళ మీద పోతున్న చప్పుడు కూడా లేదు. నాయనమ్మగారు ఈసారి అందరిలాగా ముందుకి తిరిగి కూర్చుని సరస్సు చూశారు.

సగం దారిలో తోడల్లుడుగారు మెల్లిగా దగ్గి, “మామయ్యగారూ, నాకూ ఒకసారి ఇస్తారా?” అన్నారు. ఇచ్చారు. ఆయన గెడ దింపారు, బలం కొద్దీ నెట్టారు. నేను “తిప్పి తియ్యండి!” అని అరుస్తూనే ఉన్నాను. ఇస్త్రీ ప్యాంటుతో సహా ఆయన గెడకి వేలాడారు. వదినగారి నవ్వుకి కొంగలు లేచాయి.

ఆ సోమవారం నేను సుద్దముక్క పట్టుకోలేకపోయాను. క్లాసులో ఒక్క లెక్కా చెయ్యలేదు. పీరియడంతా ఇదే చెప్పాను. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

బుధవారం మా ఆవిడ పక్కింటి ఫోను నుంచి పుట్టింటికి చేసింది. అత్తగారు ఎత్తారు. అవతలి మాట నాకూ వినబడుతోంది, అంత గట్టిగా మాట్లాడుతున్నారావిడ.

“మీ నాన్నగారా? ఇంట్లో ఎక్కడున్నారే! జాతర అయ్యేదాకా ఊళ్ళోవాళ్ళని కోటకి తనే దింపుతానన్నారు. పొద్దుట్నించి ఇది మూడోసారి ఎళ్ళడం. ఆ గట్ల మధ్య దారి ఇంకెవరికీ తెలీదంట. అన్నానికి రమ్మని కబురు పెడితే, ముసలమ్మలు రేవులో కూర్చున్నారు, వాళ్ళని దింపొచ్చి తింటానన్నారు. కూర చల్లారిపోతోంది. నువ్వైనా చెప్పవే, నా మాట వినట్లేదు!”

మా ఆవిడ ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. ఏమన్నారని అడగక్కర్లేకపోయినా అడిగాను, తన నోటితో వినాలని.

“నాన్న అమ్మ మాట వినట్లేదంట,” అంది, మొహం వెలిగిపోతూ.